బఫిల్ లేని ఎనిమిది రోజులు

నిన్న పొద్దున మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు ఒక కాగితం పట్టుకుని తలుపు కొట్టారు. కాలనీలో బండ్ల మోత ఎక్కువైందట. పెద్దవాళ్ళకు నిద్ర ఉండడం లేదట. అందుకని వచ్చే నెల నుంచి సామాన్లు తెచ్చే కుర్రాళ్ళందరూ బండ్లు కాలనీ గేటు బయటే ఆపి నడిచి రావాలట. కింద ఇరవై సంతకాలు అప్పటికే ఉన్నాయి.

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. అబద్ధం ఎందుకు, పెట్టేసేదాన్నే. సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు అబ్బాయి కింద తన బండి స్టార్ట్ చేశాడు. అది పాత రెండు స్ట్రోకుల బండి. ఎక్కడో తుక్కులో కొని, రంగు వేయించి, సైలెన్సర్ లోపల ఉండే బఫిల్ పీకేసి తిరుగుతున్నాడు. కిటికీ అద్దాలు అదిరాయి. సెక్రటరీగారు మాట మధ్యలో ఆపి, ఆ మోత సందు చివరికి వెళ్ళేదాకా ఓపిగ్గా నిలబడి, మళ్ళీ ఆపిన చోటు నుంచి అందుకున్నారు.

"ఈ డెలివరీ వాళ్ళతో మరీ ఇబ్బందైపోయిందండీ."

"మరి ఇప్పుడు వెళ్ళిందేమిటండీ?" అన్నాను.

"అదా, మన పిల్లాడే కదండీ."

నాకు ఒళ్ళు మండింది. చదివి ఇస్తానని చెప్పి కాగితం ఉంచుకుని తలుపు వేసుకున్నాను. ఈ మాట నేను ఇంతకు ముందు విన్నాను. ఇదే కాలనీలో, ఇదే గేటు దగ్గర విన్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. పాల క్యాన్ల ముందు, పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని ఉన్నాను.

మా ఊరు శామీర్‌పేట చెరువు దాటాక లోపలికి ఉండేది. ఉండేది అంటున్నాను ఎందుకంటే ఇప్పుడు అక్కడ ప్రహరీ గోడలు, వాటి మీద గాజుపెంకులు, లోపల ఎవరూ ఉండని బంగళాలు ఉన్నాయి. అప్పుడు మాకు నాలుగు బర్రెలు. పొద్దున్నే అమ్మ పాలు పిండితే, బాపు రెండు క్యాన్లు బండికి అటొకటి ఇటొకటి కట్టుకుని, మేడ్చల్ మీదుగా దూలపల్లి పక్కన కొత్తగా లేచిన ఈ కాలనీకి వచ్చి పోసేవాడు. కాలనీలో ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. వాళ్ళకు చిక్కటి పాలు కావాలి. బర్రెను గేదె అంటారని నాకు తెలిసింది వాళ్ళ నోటి నుంచే.

బాపు దగ్గర ఎప్పుడూ మూడు వాసనలు కలిసి వచ్చేవి. పచ్చిపాలు, తవుడు, కాలిన ఆయిల్. రెండు స్ట్రోకుల బండికి పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయాలి. ఎంత కలపాలో బంకువాడు చెబుతాడు. బాపు మాత్రం దాని మీద ఇంకో మూత ఎక్కువ పోయించేవాడు.

"జర ఎక్కువైతే ఏమైతది? ఇంజనుకు సలువ," అనేవాడు.

ఏమవుతుందంటే, ఆ ఎక్కువైన ఆయిల్ కాలక, పొగతో పాటు పోయి బఫిల్‌కు పట్టుకుంటుంది. బఫిల్ అంటే పెద్ద వస్తువేం కాదు. సైలెన్సర్ తోక దగ్గర నుంచి లోపలికి దూర్చే మూరెడు ఇనుప గొట్టం, ఒంటినిండా చిల్లులు. పొగ ఆ చిల్లుల్లోంచి దూరి నెమ్మదించి బయటికి వస్తుంది. చిల్లులు మసితో పూడుకుపోతే బండికి ఊపిరి ఆడదు. అందుకే నెలకోసారి, ఆదివారం పాలు పోసి వచ్చాక, బాపు వెనక ఉన్న ఒక్క స్క్రూ విప్పి, పట్టుకారుతో బఫిల్‌ను బయటికి లాగేవాడు. తారు పూసినట్టు నల్లగా, జిగటగా వచ్చేది.

దాన్ని పిడకల మంటలో కాల్చాలి. అవ్వ తన పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు.

"నా పొయ్యిల గా పీనుగను వెడితే మల్ల బువ్వ వండ, చెప్తున్న," అనేది.

అందుకని పెరట్లో మూడు రాళ్ళు పెట్టి వేరే మంట. ముందు నల్లటి పొగ, తర్వాత తెల్లటి పొగ, ఆ తర్వాత గొట్టం ఎర్రబడేది. చల్లారాక సైకిల్ పుల్లతో ఒక్కో చిల్లూ పొడిచి మసి రాల్చడం నా పని. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేదాన్ని కాదు. ఎండాకాలమైతే ఆ వేడి బూడిదలోనే చింతగింజలు వేసి కాల్చుకునేవాళ్ళం. వాటికి ఆయిల్ వాసన పట్టేది. అయినా జేబులనిండా పోసుకుని నమిలేవాళ్ళం. శుభ్రం చేసిన బఫిల్ మళ్ళీ బిగిస్తే బండి మర్నాడు పొద్దున తేలిగ్గా లాగేది. బాపు ఆ రోజు పాట పాడుతూ వచ్చేవాడు.

ఇక మా అన్న సంగతి. అన్న నాకన్నా అయిదేళ్ళు పెద్ద, మేడ్చల్‌లో ఇంటర్ చదివేవాడు. చదివేవాడంటే బస్సెక్కి వెళ్ళేవాడు. వాడికి చదువుకన్నా బండి మీద ధ్యాస. మేం పాలు పోసే కాలనీ సంఘం అధ్యక్షుడి కొడుకు వీడి ఈడువాడే. మా బండిలాంటిదే వాడికీ ఉంది, కానీ దానికి క్యాన్లు లేవు, బఫిల్ లేదు. వాడు సందు తిరిగితే నాలుగు సందులకు వినపడేది. అది విని వచ్చిన రోజు మా అన్న అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

"గా బఫిల్ ఉత్త అడ్డం ఎందుకు? తీసేస్తే బండి గుర్రం లెక్క ఉరుకుతది. కంపెనీవాళ్ళు పిరికోళ్ళు, అందుకే వెడతరు," అనేవాడు నాతో.

నేను నమ్మాను. అన్న చెబితే సూర్యుడు శామీర్‌పేట చెరువులో నిద్రపోతాడని కూడా నమ్మేదాన్ని. ఇప్పటికీ నాకు వాడి మీద కోపం ఎక్కడంటే, వాడికి తెలియదని కాదు. తెలియని దాన్ని అంత తెలిసినట్టు చెప్పాడని.

ఆ ఆదివారం ఎండ బాగా కాసింది. బాపు బఫిల్ కాల్చి, నాకిచ్చి, "సాపు జేసి అన్నకియ్యి, బిగిస్తడు," అని చెప్పి, తవుడు కోసం పక్క ఊరికి నడిచి వెళ్ళాడు. నేను చిల్లులన్నీ పొడిచి ఇచ్చాను. అన్న దాన్ని నా చేతికే తిరిగి ఇచ్చాడు.

"గడ్డివాముల దాచు. ఒక్క రౌండ్ కొట్టొస్త. వచ్చినంక బిగిస్త."

ఖాళీ సైలెన్సర్‌కు స్క్రూ బిగించి బండి తన్నాడు. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. మూల కట్టేసిన దుడ్డె తాడు తెంపుకుంది. అవ్వ మంచంలోంచి లేచి, "ఏందిరో గది, మిషన్ కూలిందా?" అంది. అన్న అప్పటికే ఊరు దాటాడు.

అంతలో పీచుమిఠాయివాడు వచ్చాడు. గంట వాయిస్తూ, నెత్తి మీద అద్దాల పెట్టె. వాడికి డబ్బులక్కర్లేదు. పాత ఇనుము, తెగిన చెప్పులు, తల వెంట్రుకలు ఏవైనా తీసుకునేవాడు. అవ్వ దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందులో పెట్టేది. అవి నాకు పీచుమిఠాయి. ఆ రోజు సందులో వేలు పెట్టి చూస్తే రేగిపండంత ఉండ కూడా లేదు. వాడు చూసి నవ్వాడు.

"గిది చిటికెడు మిఠాయికి గూడ రాదు బిడ్డా. గా చేతుల పైపేంది?"

"బండిది."

"పనికొచ్చేదా?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఎవరూ నన్ను మోసం చేయలేదు.

"పనికి రాదు," అన్నాను. "ఉత్త అడ్డం."

రెండు పెద్ద పొట్లాలు ఇచ్చాడు. గులాబీ రంగువి. గడ్డివాము వెనక కూర్చుని, నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంటే, ఒకదాని వెనక ఒకటి రెండూ తినేశాను. అన్నకు ఒకటి ఉంచుదామని కూడా తోచలేదు.

అన్న వచ్చి బఫిల్ అడిగాడు. చెప్పాను. వాడి ముఖంలో రక్తం లేదు. సైకిల్ తీసుకుని రెండు ఊళ్ళు తిరిగి వచ్చాడు. పీచుమిఠాయివాడు దొరకలేదు. ఇంటికి వచ్చేసరికి బాపు తవుడు మూట దించి, బండి తన్ని చూసి, ఆపి, సైలెన్సర్ వెనక వేలు పెట్టి నిలబడి ఉన్నాడు.

"బఫిల్ ఏదిరా?"

అన్న నా వైపు చూడలేదు. "చెరువుల పారేసిన," అన్నాడు.

బాపు అప్పటిదాకా వాణ్ణి ఎన్నడూ కొట్టలేదు. ఆ రోజు కొట్టాడు. ఒక్కటే దెబ్బ, చెంప మీద. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు జూసినవా బిడ్డా?"

నేను నోరు మూసుకుని తల అడ్డంగా ఊపాను. ఆ నోట్లో ఇంకా తీపి ఉంది.

మర్నాడు మేడ్చల్ బస్టాండు పక్కన ఉస్తాద్ దగ్గర ఆగాం. నాకు బడి సెలవులు, అందుకని బాపు వెంట తీసుకెళ్ళాడు. ఉస్తాద్ ముసలాయన, గడ్డానికి కూడా గ్రీజు ఉండేది. మా బండి దూరం నుంచి వస్తుండగానే తల పట్టుకున్నాడు.

"ఎవడు దీసిండు?"

"పోరడు," అన్నాడు బాపు. "బండి లేస్తలేదు ఉస్తాద్. సప్పుడు చూస్తే విమానం తీరున్నది, చెరువు కట్ట ఎక్కేటప్పుడు సావొచ్చింది. మరి గా పోరగాండ్లు బఫిల్ లేకుంట గంత స్పీడ్ ఎట్ల వోతున్నరు?"

"ఖాళీ బండి, సక్కటి రోడ్డు, ఫుల్ రేస్. గప్పుడు ఉరికినట్టే అనిపిస్తది. నీ తీరుగ రెండు క్యాన్లు కట్టుకొని మెల్లగ ఎత్తు ఎక్కమను, జూద్దాం." ఉస్తాద్ నా వైపు తిరిగాడు. పెద్దవాళ్ళకన్నా నాకు చెప్పడమే ఆయనకు ఇష్టం. "సూడు బిడ్డా. గీ బండిల వాల్వులు ఉండవు. కొత్త పెట్రోలు వచ్చే దారి, పొగ పొయ్యే దారి ఒక్కసారే తెరుసుకుంటయి. పొగ యెంబడి పచ్చి పెట్రోలు గూడ బయటికి ఉరుకుతది. సైలెన్సర్ల జర అడ్డముంటే పొగ తాకి ఎన్కకొస్తది, గా పెట్రోలును మల్ల ఇంజన్లకు నూకుతది. అడ్డం దీస్తివా, పెట్రోలు గాలిపాలు. ఇంజన్ వేడెక్కుతది. సప్పుడు పెరుగుతది, గుంజుడు తగ్గుతది."

ఉత్త అడ్డం అన్నానే నిన్న, ఆ అడ్డమే మా బండిని లాగుతోందన్నమాట.

"కొత్తది వెయ్యి," అన్నాడు బాపు.

"నా కాడ లేదు. పట్నం నుంచి రావాలె. ఎనిమిది దినాలు వడ్తది. గప్పటిదాంక పరేషాన్ గాకు."

బాపు ఆ సాయంత్రం ఊరుకోలేదు. నీళ్ళ పైపు ముక్క ఒకటి కోసి, మేకుతో చిల్లులు పొడిచి, సైలెన్సర్‌లో దూర్చాడు. చిల్లులు తక్కువైనట్టున్నాయి. ఇప్పుడు బండికి పొగ పోయే దారే చాలలేదు. మర్నాడు మేడ్చల్ చేరేలోపే రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఆగినప్పుడు బాపు దాన్ని పీకి, తుమ్మచెట్లలోకి విసిరి, మళ్ళీ ఆ మోతతోనే బయలుదేరాడు.

కాలనీ రెండో సందు మొత్తం పెద్ద బండ మీద వేశారు. గేటు దాటగానే ఎత్తు మొదలవుతుంది. సరిగ్గా ఆ ఎత్తు మీదే అధ్యక్షుడి ఇల్లు. బఫిల్ ఉన్నప్పుడు మా బండి క్యాన్లతో సహా గుడుగుడుమంటూ ఎక్కేసేది. ఇప్పుడు మెల్లగా పోతే లాగదు, కాబట్టి రేస్ పెంచాలి. రేస్ పెంచితే మోత. ఆ మోత అంతా ఆయన కిటికీ కింద. రెండు రోజులు ఊరుకున్నారు. మూడో రోజు పొద్దున అధ్యక్షుడు మరో ఇద్దరిని వెంటేసుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన లుంగీ, చేతిలో కాఫీ గ్లాసు.

"ఏవయ్యా, ఏంటా మోత? మావాడు ఎంట్రన్స్ పరీక్షకి చదువుకుంటున్నాడు. పొద్దున్నే వచ్చి వీధంతా లేపేస్తే ఎలా?"

"బఫిల్ వోయింది సార్. ఇంకో అయిదారు దినాలల్ల కొత్తది వస్తది. జర ఓర్సుకోండ్రి."

"వచ్చేదాకా బండి గేటు బయటే పెట్టు. లేకపోతే ఇంజన్ ఆపి తోసుకురా."

అప్పుడు వచ్చాడు ఆ చదువుకుంటున్న కుమారరత్నం. ఇంట్లోంచి బండి తీసి, మా పక్కనుంచే, చెవులు పగిలేలా రేస్ ఇస్తూ, బండ దిగి రోడ్డెక్కాడు. అందరం ఆ మోత ఆగేదాకా నోళ్ళు మూసుకుని నిలబడ్డాం. పొగ మా ముఖాల మీదే వదిలి వెళ్ళాడు. బాపు చిన్నగా నవ్వాడు. నవ్వకుండా అడగడం ఆయనకు రాదు.

"గది గూడ గట్లనే మోగుతాంది గద సార్."

"వాడు మా పిల్లాడయ్యా."

కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు. అందుకే నాకు ఇప్పటికీ అంత కోపం. అరిచి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

"సరే సార్," అన్నాడు మా బాపు.

నన్ను ట్యాంకు మీది నుంచి దించాడు. ఇంజన్ ఆపాడు. రెండు నిండు క్యాన్లున్న బండిని, ముందుకు వంగి, బండ మీదికి తోయడం మొదలుపెట్టాడు. నేను వెనక చెయ్యి పెట్టాను కానీ నా తోపుకు ఏమవుతుంది. సగం ఎత్తులో ఆయన చెప్పు తెగింది. చెప్పులు రెండూ క్యాన్ హ్యాండిల్‌కు తగిలించి, వట్టి కాళ్ళతో తోశాడు. ఆ సరే సార్ మీద కూడా నాకు కోపమే. ఎందుకు సరే అన్నావు బాపూ అని ఆ రోజు అడగాల్సింది. అడిగితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది.

సందు చివరి ఇంట్లో గోదావరి జిల్లా ఆవిడ ఒకామె ఉండేది. మా ఆలస్యానికి చిరాకు పడకుండా, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పులిహోర పెట్టింది. బాపు కాళ్ళు చూసి, "పాలు మోసుకొచ్చే మనిషిని ఇలా నడిపిస్తారా, వీళ్ళకి బుద్ధుందా," అని వీధి వినేలా అంది. ఆ కాలనీలో మా తరఫున మాట్లాడింది ఆమె ఒక్కతే. ఆ పులిహోర నాకు మింగుడు పడలేదు. ఆమె దృష్టిలో నేను జాలి పడాల్సిన పిల్లను. నిజానికి ఆ బండిని తోయిస్తున్నది నేనే.

నాలుగో రోజు నుంచి అన్న వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. బాపుతో మాట్లాడకుండానే వచ్చి, గేటు దగ్గర దిగి, వెనక నుంచి తోశాడు. తన ఈడువాడు రోజూ అదే బండి మీద, అదే మోతతో పక్కనుంచి పోతుంటే, తల వంచుకుని తోశాడు. ఇంటికి వచ్చాక నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒకసారి మాత్రం, "మిఠాయి మంచిగుండెనా?" అని అడిగాడు. నేను ఏడ్చాను. వాడు నవ్వి నా జడ లాగి వెళ్ళిపోయాడు.

ఎనిమిది రోజులు నిండాయి. ఉస్తాద్ మాట తప్పలేదు. కొత్త బఫిల్ కాగితంలో చుట్టి ఇచ్చాడు. బాపు, అన్న కలిసి బిగించారు. బండి తన్నగానే మళ్ళీ ఆ పాత గొంతు, మెత్తగా, గుడుగుడుమంటూ. అవ్వ, "ఇగ బండికి బుద్ధొచ్చింది," అంది. తొమ్మిదో రోజు మేం ముగ్గురం బండి మీదే గేటు దగ్గరికి వచ్చాం. బాపు మళ్ళీ పాట పాడుతున్నాడు.

గేటుకు కొత్త రేకు బోర్డు కట్టి ఉంది. పాలవారు, కూరగాయలవారు వాహనములు బయట నిలుపవలెను అని రాసి ఉంది.

వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. బాపు వాడితో వాదించలేదు. నడిచి వెళ్ళి అధ్యక్షుడిని బతిమాలి గేటు దాకా తీసుకొచ్చాడు. బండి స్టార్ట్ చేసి, పక్కకు జరిగి, "ఇనుండ్రి సార్," అన్నాడు. ఆయన నిజంగానే విన్నాడు. తల పంకించాడు.

"బాగానే ఉంది. కానీ రూలు పెట్టేశాంగా. నీ ఒక్కడికి తీసేస్తే రేపు కూరగాయలవాడూ అడుగుతాడు. అలవాటైపోయింది కదా, తోసుకెళ్ళు."

అలవాటైపోయింది కదా. ఆ మాట అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వెనకే ఆయన కొడుకు బండి తీశాడు.

బాపు ఆ తర్వాత కాలనీకి పాలు పోసినంత కాలం, మోకాళ్ళు అరిగి అరిగి ఇక చేతకాక మానేసేదాకా, బఫిల్ ఉన్న బండిని ఇంజన్ ఆపి తోసుకుంటూనే ఆ బండ ఎక్కాడు. పాలు ఆలస్యమవుతున్నాయని చాలా ఇళ్ళు ప్యాకెట్లకు మారాయి. గోదావరి ఆవిడ మాత్రం చివరిదాకా పోయించుకుంది.

నేను చదువుకున్నాను. ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఇల్లు కొనుక్కునే రోజు వచ్చినప్పుడు ఊరంతా వదిలి ఈ కాలనీలోనే, ఆ బండ మీద పాత ఇళ్ళు పడగొట్టి కట్టిన అపార్ట్‌మెంట్‌లోనే ఫ్లాట్ కొన్నాను. పంతం అనుకోండి. గృహప్రవేశానికి బాపు తన పాత మోపెడ్ మీద వచ్చాడు. రేకు బోర్డు ఏనాడో పోయింది. గేటు బార్లా తెరిచి ఉంది. బాపు గేటు ముందు ఇంజన్ ఆపాడు, దిగాడు, ముందుకు వంగాడు, తోయడం మొదలుపెట్టాడు. వాచ్‌మన్ కుర్రాడు, "తాతా, లోపలికి రావచ్చు," అంటున్నా వినిపించుకోలేదు. నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. నా పక్కన కొత్తగా పరిచయమైన పొరుగావిడ ఉంది.

"మీ నాన్నగారి బండి పాడైనట్టుందే," అంది.

"అవునండీ," అన్నాను.

అంతకు ముందే ఆమె అడిగింది, నాన్నగారు ఏం చేసేవారని. వ్యవసాయమని చెప్పాను. పన్నెండేళ్ళప్పుడు చేసింది తెలియని తప్పు. ఇది తెలిసి చేసింది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి వెళ్ళాక బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చుని పీచుమిఠాయి సంగతి మొత్తం చెప్పాను. అన్న పారేయలేదని, నేనే ఇచ్చేశానని చెప్పాను. ఆయన వక్కపలుకు నములుతూ విన్నాడు.

"నాకు ఎర్కనే," అన్నాడు.

"ఎట్ల?"

"అడిగితే నోరు దెరవకుంట తలకాయ ఊపితివి. మూతి చుట్టు గులాబి రంగు. గప్పుడే ఎర్కైంది."

"మరి అన్నను కొట్టినవు గద. తర్వాతన్న ఎందుకు చెప్పలే?"

"చెప్పి? నిన్ను గూడ కొట్టాల్నా?" అన్నాడు. కాసేపు తన అరచేయి చూసుకున్నాడు. "వాడు చెల్లె కోసం అబద్ధమాడిండు. గాన్ని కొట్టిన. గా చెయ్యి ఇయ్యాల్టికి గుంజుతది."

రెండేళ్ళ కింద ఆయన పోయారు. అన్న మేడ్చల్ దగ్గర ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. ఇప్పటికీ ఎక్కడ పీచుమిఠాయి కనిపించినా ఒక పొట్లం కొని నాకు పంపుతాడు. నేను తినలేను.

ఈ పొద్దున కాగితం తీసుకుని కిందికి దిగాను. మూడో అంతస్తు అబ్బాయి బండి తుడుచుకుంటున్నాడు. బఫిల్ ఏదని అడిగాను.

"ఇంట్లోనే ఉందాంటీ. తీసేస్తే పవర్ పెరుగుతుంది."

"పెరగదు. చప్పుడే పెరుగుతుంది. పట్రా, నేను బిగిస్తాను."

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ. ఒక్క స్క్రూ పని అది, ఇవాళ కాకపోతే రేపు బిగిస్తాను.

అక్కడి నుంచి సెక్రటరీగారి ఇంటికి వెళ్ళి కాగితం చేతిలో పెట్టాను. ఆయన కిందిదాకా చూసి తలెత్తారు.

"సంతకం మర్చిపోయారండీ."

"మర్చిపోలేదు. పెట్టను. గేటు దగ్గర ఆపేదైతే ముందు మూడో అంతస్తు బండిని ఆపండి. మా బాపు ఆ గేటు దగ్గర దిగి, నిండు క్యాన్ల బండిని ఈ బండ మీదికి ఏళ్ళ తరబడి తోశాడు. బఫిల్ లేని ఎనిమిది రోజులకు."

సెక్రటరీగారికి అర్థం కాలేదు. లోపలి నుంచి ఆయన భార్య, నా వెనక మెట్ల మీద ఆ పొరుగావిడ, ఇద్దరూ ఆగి వింటున్నారు.

"క్యాన్లేమిటండీ? మీ నాన్నగారిది వ్యవసాయమన్నారు కదా?" అంది పొరుగావిడ.

"అబద్ధం చెప్పానండీ," అన్నాను. "ఈ కాలనీకి పాలు పోసేవాడు."